అపొల్లోకి తెలిసిందెంత, తెలియనిదెంత?

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చివర్లో ఐదే ఐదు వచనాల్లో అపొల్లో కథ వచ్చి వెళ్లిపోతుంది. తెలుగు సంఘాల్లో ఈ భాగం మీద వాక్యం చెప్పేవాళ్లు చాలావరకు ఒకే దారిలో వెళ్తారు. ఆసక్తి ఒక్కటే చాలదు, జ్ఞానం కూడా ఉండాలి. అపొల్లోకి మొదటిది దండిగా ఉంది, రెండోది కొరవడింది. ఎఫెసులో ఉన్న ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు దాన్ని సరిచేశారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పుస్తకం రాసిన లూకా మాటలు నిదానంగా చదివితే విషయం ఇంత సాఫీగా కుదరదు. యేసు గురించి అపొల్లో చెప్పినవి తప్పులని లూకా ఎక్కడా అనడు. జాగ్రత్తగా, వివరంగా చెప్పాడనే అంటాడు. అదే వాక్యంలో, ఆయనకు యోహాను బాప్తిస్మం మాత్రమే తెలుసని చేరుస్తాడు. యేసు సంగతులన్నీ సరిగ్గా చెబుతున్న మనిషికి సమాచారం బాప్తిస్మం దగ్గరే ఎందుకు ఆగిపోయింది? ఆ లోటు తీరాక కూడా కొరింథులో ఆయన పేరు మీద ఒక వర్గం ఎందుకు పుట్టింది? ఈ రెండో ప్రశ్న ప్రసంగాల్లో పెద్దగా వినిపించదు. అసలు సంగతి మాత్రం అక్కడే ఉంది.

అలెక్సంద్రియ నుంచి వచ్చినవాడు

లూకా ఇచ్చిన పరిచయం చిన్నదే అయినా ప్రతి మాటకూ బరువుంది. అపొల్లో యూదుడు, పుట్టింది అలెక్సంద్రియలో, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. ఆ రోజుల్లో రోమా సామ్రాజ్యంలో రోము తర్వాత చెప్పుకోదగ్గ నగరాల్లో అలెక్సంద్రియ ముందుండేది. ఈజిప్టు గోధుమలను ఇటలీకి పంపే రేవు అదే. గ్రీకు చదువులకు పేరుమోసిన గ్రంథాలయం అక్కడే ఉండేది. నగరంలోని 5 వాడల్లో రెండింటిని యూదుల వాడలనే పిలిచేవారని ఆ ఊరివాడే అయిన యూదు తత్వవేత్త ఫిలో రాశాడు. హెబ్రీ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చే పని క్రీ.పూ. 3వ శతాబ్దంలో మొదలైంది కూడా అక్కడే. పౌలు తన పత్రికల్లో ఎత్తిరాసిన లేఖన వాక్యాలు చాలావరకు ఆ గ్రీకు పాఠానివే. కాబట్టి అలెక్సంద్రియ యూదుడు, లేఖనాల్లో దిట్ట అనగానే అప్పటి పాఠకులకు ఒక రకమైన మనిషి కళ్లముందు నిలిచేవాడు: గ్రీకులో గొప్పగా మాట్లాడతాడు, మోషే ధర్మశాస్త్రం గురించి అన్యులతో కూడా వాదించగలడు, సభను తన వైపు తిప్పుకోగలడు.

ఫిలో సుమారు క్రీ.పూ. 20 నుంచి క్రీ.శ. 50 వరకు బతికాడు. అంటే అపొల్లో ఎఫెసుకు వచ్చే కొద్దికాలం ముందు వరకు ఆయన ఉన్నట్టే. అపొల్లో ఆయన దగ్గర చదివాడని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఆ మాట నమ్మకంగా చెప్పేవాళ్లు ఊహను చరిత్రగా చలామణీ చేస్తున్నట్టే. కానీ ఊరి గాలి అంటూ ఒకటి ఉంటుంది కదా. 38లో అలెక్సంద్రియలో యూదుల మీద పెద్ద ఎత్తున దాడులు జరిగాయి. ఇళ్లు దోచుకున్నారు, సమాజమందిరాలను అపవిత్రం చేశారు. యూదుల తరఫున మొర పెట్టుకోవడానికి ఫిలో నాయకత్వంలో ఒక బృందం రోముకు వెళ్లి కాలిగులా చక్రవర్తిని కలిసింది. 41లో క్లౌదియ చక్రవర్తి రెండు పక్షాలనూ హెచ్చరిస్తూ ఆ నగరానికి ఉత్తరం రాశాడు. దాని నకలు పపైరస్ మీద నేటికీ ఉంది. ఎఫెసు సమాజమందిరంలో లేచి ధైర్యంగా మాట్లాడిన అపొల్లో వెనక ఈ ఊరి చదువూ ఉంది, ఈ ఊరి గొడవలూ ఉన్నాయి.

యేసు సంగతి ఆయన ఎక్కడ విన్నాడు? మనం మామూలుగా చదివే పాఠం చెప్పదు. ప్రభువు మార్గం గురించి ఉపదేశం పొందాడని మాత్రమే ఉంటుంది. అయితే సుమారు 400 నాటి కోడెక్స్ బెజే అనే గ్రీకు-లాటిన్ రాతప్రతిలో ఆ ఉపదేశం తన స్వదేశంలోనే పొందాడని అదనంగా ఉంది. థియొడోర్ బెజా 1581లో ఈ ప్రతిని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ ప్రతిలో ఆయన పేరు కూడా అపొల్లోనియు అని పూర్తిగా కనిపిస్తుంది. 4వ శతాబ్దపు సీనాయి ప్రతిలోనేమో అపెల్లె అని ఉంది. స్వదేశం అన్న మాట లూకాదేనా, తర్వాతి లేఖకుడు తనకు తెలిసిందో తోచిందో చేర్చాడా అన్నది తేలలేదు. నిజంగా జరిగిన సంగతే అయితే మాత్రం అది చాలా విలువైనది. ఈజిప్టులో క్రైస్తవ బోధ ఎప్పుడు మొదలైందో చెప్పే మొదటి శతాబ్దపు ఆధారాలు దాదాపు లేవు. మార్కు అక్కడ సంఘాన్ని స్థాపించాడన్న మాట 4వ శతాబ్దంలో యూసేబియసు రాసిన చరిత్రలో కనిపిస్తుంది. ఈ ఒక్క మాట నిలిస్తే, 50 ప్రాంతానికే యేసు పేరు అలెక్సంద్రియలో వినిపిస్తోందన్నమాట.

అప్పటి సమాచారం ఎలా ప్రయాణించేదో గుర్తుంచుకుంటే అపొల్లో పరిస్థితి వింతగా అనిపించదు. యేసు సిలువ మరణం 30 ప్రాంతంలో. అపొల్లో ఎఫెసులో కనిపించేది 52 లేదా 53లో. ఈ లెక్కకు ఆధారం డెల్ఫీలో దొరికిన శాసనం: పౌలును విచారించిన గల్లియోను కొరింథు ఉన్న అకయ ప్రాంతానికి అధిపతిగా ఉన్నది 51-52 ప్రాంతమని దాన్నిబట్టి తెలుస్తుంది, పౌలు ఆ తర్వాత కొంతకాలానికి కొరింథు వదిలాడు. ఈ ఇరవై చిల్లర ఏళ్లలో నాలుగు సువార్తల్లో ఒక్కటి కూడా రాయబడలేదు; మార్కు సువార్తను ఎక్కువమంది పండితులు 70 ప్రాంతానిదిగా చూస్తారు. పౌలు పత్రికలు ఒకటో రెండో ఉన్నా, అవి ఆయా ఊళ్ల సంఘాలకు రాసినవి. మిగతాదంతా నోటిమాటే. పండుగలకు యెరూషలేము వెళ్లొచ్చే యాత్రికులు, వ్యాపారులు, ఓడల వాళ్లు మోసుకొచ్చిన మాట. యెరూషలేములో అలెక్సంద్రియ వాళ్లకు సంబంధించిన సమాజమందిరం ఉండేదని, అక్కడివాళ్లు తొలి హతసాక్షి స్తెఫనుతో వాదించారని లూకాయే 6వ అధ్యాయంలో చెబుతాడు. శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు నాడు అక్కడున్న జనంలో ఈజిప్టు వాళ్లూ ఉన్నారు. ఎవరు ఏ పండుగకు వచ్చి ఎప్పుడు వెనక్కి వెళ్లారన్నదాన్నిబట్టి వాళ్లు మోసుకెళ్లిన కథ మారిపోతుంది. పెళ్లిచూపుల దాకా ఊళ్లో ఉండి దుబాయ్ వెళ్లిపోయినవాడికి పెళ్లి జరిగిన సంగతి ఎవరో ఫోన్ చేసి చెబితేనే తెలుస్తుంది. అపొల్లోకి ఆ ఫోన్ ఎఫెసులో వచ్చింది.

యోహాను దగ్గర ఆగిన సమాచారం

బాప్తిస్మమిచ్చు యోహానును మనం యేసు కథకు ముందుమాటగా చూడటానికి అలవాటు పడిపోయాం. అప్పటివాళ్లకు ఆయన సొంతంగానే పెద్ద పేరు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఆయన్ని మంచి మనిషి అని, నీతిగా బతకమని జనానికి చెప్పి బాప్తిస్మం ఇచ్చేవాడని రాశాడు. హేరోదు అంతిప సైన్యం ఓడిపోతే, యోహానును చంపించినందుకు దేవుడు ఇచ్చిన శిక్ష అది అని కొందరు యూదులు అనుకున్నారట. ఆయన శిష్యులు ఆయన చనిపోయాక కూడా చెదిరిపోలేదు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ఆయన ఆ వెలుగు కాదు, వెలుగుకు సాక్షి మాత్రమే అని అంత పట్టుబట్టి చెప్పడం వెనక ఇదే ఉందని చాలామంది అభిప్రాయం. ఆయనే మెస్సీయ అనుకునేవాళ్లు లేకపోతే ఆ మాట చెప్పాల్సిన అవసరం రాదు. పాత సంప్రదాయం ఆ సువార్తను ఎఫెసుకే ముడిపెడుతుంది. యొర్దాను నుంచి ఎఫెసు దాదాపు 1000 కిలోమీటర్లు. అంత దూరంలో, యోహాను చనిపోయిన ఇరవై ఏళ్లకు పైబడి, ఆయన బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఉన్నారంటే ఆ కదలిక ఎంత బలమైనదో అర్థమవుతుంది.

మరి అపొల్లోకి అసలు తెలియనిది ఏమిటి? దీని మీద వ్యాఖ్యాతలు రెండు వైపులు తీసుకుంటారు. యేసు బోధ, సూచక క్రియలు తెలుసుగానీ సిలువ, పునరుత్థానం సంగతి ఆయనకు చేరలేదని కొందరంటారు. ఈ మాట నిలవడం కష్టం. ఇరవై ఏళ్ల తర్వాత యేసు గురించి జాగ్రత్తగా బోధించేవాడికి ఆయన సిలువ మరణం తెలియదంటే, లూకా ఆ పొగడ్త ఎలా రాస్తాడు? రెండోవాళ్లు చెప్పేది నమ్మదగ్గట్టుంది. యేసే మెస్సీయ అని అపొల్లోకి తెలుసు, దాన్ని లేఖనాల నుంచి చూపించగలడు. తెలియనిది ఆ తర్వాత జరిగిన సంగతి: పెంతెకొస్తు, పరిశుద్ధాత్మ వరం, యేసు నామంలో బాప్తిస్మం, ఆ బాప్తిస్మంతో ఏర్పడిన సంఘం. యోహాను బాప్తిస్మం రాబోయేదానికి సిద్ధపాటు, పశ్చాత్తాపానికి గుర్తు. యేసు నామంలో బాప్తిస్మం జరిగిపోయినదాంట్లోకి ప్రవేశం. మెస్సీయ ఎవరో తెలిసినా, ఆయన పేరు మీద ఒక సమాజం నడుస్తోందన్న సంగతి తెలియకపోవచ్చు. యోహాను అందించిన ఎదురుచూపులో నిలబడి, ఎదురుచూసిన మనిషి పేరు మాత్రం సరిగ్గా చెబుతున్నాడు అపొల్లో.

వెంటనే వచ్చే 19వ అధ్యాయం ఈ చిక్కును ఇంకాస్త బిగిస్తుంది. అపొల్లో కొరింథుకు వెళ్లిపోయాక పౌలు ఎఫెసు వస్తాడు. అక్కడ ఇంచుమించు పన్నెండుమంది శిష్యులు కనిపిస్తారు. పరిశుద్ధాత్మ ఉన్నాడన్న మాటే వినలేదంటారు. ఏ బాప్తిస్మం పొందారని అడిగితే యోహాను బాప్తిస్మమే అంటారు. పౌలు వాళ్లకు యేసు నామంలో మళ్లీ బాప్తిస్మం ఇప్పిస్తాడు. అపొల్లోకి మాత్రం మళ్లీ బాప్తిస్మం ఇచ్చినట్టు లూకా చెప్పడు. ఒకే ఊరు, కొద్ది నెలల తేడా, ఇద్దరిదీ యోహాను బాప్తిస్మమే. ఒకరికి మళ్లీ ఇచ్చారు, ఇంకొకరి విషయంలో మౌనం.

తెలుగు క్రైస్తవుల మధ్య ఈ మౌనం వట్టి పండిత చర్చగా మిగిలిపోలేదు. చిన్నప్పుడు చిలకరింపు బాప్తిస్మం పొందినవాళ్లు బాప్టిస్టు, బ్రదరన్ లేదా పెంతెకొస్తు సంఘంలోకి వెళ్తే నీళ్లలో ముంచి బాప్తిస్మం తీసుకోమంటారు. అప్పుడు చూపించే వాక్యాల్లో ఎఫెసు పన్నెండుమంది సంగతి తప్పకుండా ఉంటుంది. ఒకసారి చాలు అనేవాళ్లు అపొల్లోని చూపిస్తారు. నిజానికి రెండు వాదనలకూ ఈ భాగం సరిగ్గా అతకదు. పన్నెండుమందికి యేసు నామంలో అంతకుముందు బాప్తిస్మం లేదు కాబట్టి వాళ్లది చిలకరింపు-ముంచడం గొడవ కానేకాదు. అపొల్లోకి ఇచ్చారో లేదో లూకా చెప్పలేదు కాబట్టి ఆ మౌనం మీద సిద్ధాంతం కట్టడమూ కుదరదు. యేసు పన్నెండుమంది అపొస్తలులకు కూడా పెంతెకొస్తు తర్వాత మళ్లీ బాప్తిస్మం ఇచ్చినట్టు ఎక్కడా లేదు, దాన్నెవరూ ప్రశ్నించరు. ఆత్మలో తీవ్రత గలవాడని లూకా అపొల్లో గురించి అన్న మాటను పరిశుద్ధాత్మ పనిగానే అర్థం చేసుకునే వ్యాఖ్యాతలు, ఆయనకు అప్పటికే ఆత్మ ఉంది కాబట్టి మళ్లీ బాప్తిస్మం అక్కర్లేకపోయిందంటారు. ఆ పన్నెండుమందిలో ఆ గుర్తు లేదు. ఉన్నవాటిలో ఇదే కాస్త పొసిగే వివరణ.

జర్మన్ పండితుడు ఎర్న్‌స్ట్ కేసెమన్ 1952లో దీన్ని మరో కోణంలో చూశాడు. లూకాకు సంఘం అంతా ఒక్కటే అని చూపించడం ముఖ్యం. ఎవరి అజమాయిషీలోనూ లేకుండా సొంతంగా బోధిస్తున్న గొప్ప ప్రసంగీకుడు ఆ చిత్రంలో ఇమడడు. అందుకే ఆయనకు ఏదో కొరత ఉన్నట్టు, పౌలు మనుషులు దాన్ని తీర్చినట్టు కథ నడిపించాడని ఆయన వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. లూకా ఎక్కడ చూసినా కొత్త చోటును పాత చోటుతో ముడిపెడతాడు. కానీ అపొల్లో లోటును లూకాయే కల్పించాడనుకుంటే ఇంకో ఇబ్బంది వస్తుంది. కల్పించేవాడు దాన్ని ఇంత చిక్కుగా ఎందుకు పెడతాడు? పౌలు చేతుల మీదుగానే సరిచేయించొచ్చు కదా. పౌలు ఊళ్లో లేనప్పుడు, ఒక డేరాల జంట చేత ఎందుకు చేయిస్తాడు?

డేరాలు కుట్టే జంట

అకులది నల్లసముద్రం ఒడ్డున ఉన్న పొంతు. రోములో ఉంటుండగా యూదులంతా నగరం వదలాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చాడు. దాన్ని సాధారణంగా 49గా లెక్కిస్తారు. అలా భార్య ప్రిస్కిల్లతో కొరింథు చేరాడు. పౌలుదీ అదే వృత్తి, డేరాలు కుట్టడం. అందుకే వాళ్ల దగ్గరే దిగి పనిచేశాడు. ఏడాదిన్నర కొరింథులో ఉన్న పౌలుతో ఈ జంట పొద్దస్తమానం ఒకే చోట పనిచేసిందన్నమాట. తోళ్లూ ముతక గుడ్డలూ కోస్తూ, సూది పట్టుకుని కుడుతూ మాట్లాడుకునే పని అది. ఆ మాటల్లో ఎంత బోధ జరిగి ఉంటుందో ఎవరూ రాసిపెట్టలేదు. తర్వాత పౌలు వాళ్లను వెంటబెట్టుకుని ఎఫెసు వచ్చి, అక్కడే ఉంచి, తాను కైసరయ మీదుగా అంతియొకయ వెళ్లిపోయాడు. అపొల్లో వచ్చింది ఈ ఖాళీలోనే.

సమాజమందిరంలో అపొల్లో మాట్లాడుతుంటే ఈ ఇద్దరూ విన్నారు. లేచి అడ్డుపడలేదు. తర్వాత ఆయన్ని తమ దగ్గరికి తీసుకెళ్లి దేవుని మార్గాన్ని ఇంకా సరిగ్గా వివరించారు. అప్పటి సమాజమందిరంలో బయటి ఊరి పండితుడు మాట్లాడటం మామూలే, సభలో ప్రశ్నలు వేయడం, వాదించడం కూడా మామూలే. నలుగురిలో ప్రశ్నించి ఉంటే జనం ముందు ఆయన పరువు పోయేది. తాను పట్టిన వాదం వదలడం ఎంత కష్టమో వాక్చాతుర్యం ఉన్నవాడికే బాగా తెలుస్తుంది. ఇంకో సంగతి: చదువుకున్న గ్రీకు, రోమా పెద్దలు చేతిపనిని చిన్నచూపు చూసే కాలం అది. అలెక్సంద్రియ విద్వాంసుడు డేరాలు కుట్టేవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడం అప్పటి పాఠకులకు మామూలు విషయంగా అనిపించి ఉండదు. అపొల్లో ఏమన్నాడో లూకా రాయడు. తర్వాతి వాక్యంలో ఆయన అకయకు వెళ్లాలనుకోవడం, సహోదరులు ప్రోత్సహించడం కనిపిస్తుంది. జవాబు అదే.

ప్రిస్కిల్ల పేరు ముందు రావడం గురించి చాలా చర్చ జరిగింది. కొత్త నిబంధనలో ఈ జంట పేర్లు ఆరుచోట్ల వస్తే నాలుగుచోట్ల ఆమె పేరే ముందుంది, ఈ బోధ చేసిన చోటు కూడా వాటిలో ఒకటి. కోడెక్స్ బెజేలో ఇక్కడ అకుల పేరును ముందుకు జరిపారు. ఆ పాత లేఖకుడికి ఇందులో ఏదో ఇబ్బంది కనిపించి ఉండాలి. 4వ శతాబ్దం చివర్లో జాన్ క్రిసోస్టమ్ మాత్రం మొహమాటపడలేదు; అపొల్లోకి నేర్పించినందుకు ఆమెను నోరారా పొగిడాడు. స్త్రీలు వాక్యం చెప్పొచ్చా అనే వాదన తెలుగు సంఘాల్లో వచ్చినప్పుడల్లా ఈ వచనం బయటికొస్తుంది. ఇంట్లో, భర్తతో కలిసి చెప్పింది కాబట్టి లెక్కలోకి రాదు అనే సమాధానం కూడా వెంటే వస్తుంది. అయితే అప్పట్లో సంఘం కూడేది ఇళ్లలోనే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చివర పౌలు ఈ జంట ఇంట్లో కూడే సంఘం తరఫున వందనాలు పంపుతాడు. ఇల్లు వేరు, సంఘం వేరు అన్న గీత అక్కడ గీయడం అంత సులువు కాదు.

లోటు తీరాక వచ్చిన టెన్షన్

అపొల్లో అకయకు బయల్దేరేటప్పుడు ఎఫెసు సహోదరులు అక్కడి శిష్యులకు ఉత్తరం రాసిచ్చారు. రోమా ప్రపంచంలో సిఫారసు ఉత్తరం లేకుండా కొత్త ఊళ్లో తలుపు తెరుచుకోవడం కష్టం. రోమా వక్త సిసెరో తన స్నేహితులకు రాసిన లేఖల 13వ సంపుటి దాదాపు మొత్తం ఇలాంటి సిఫారసులే. బెజే ప్రతిలో ఇక్కడా ఒక అదనపు సంగతి ఉంది: ఎఫెసులో ఉంటున్న కొరింథు వాళ్లే ఆయన మాటలు విని తమ ఊరికి రమ్మని బతిమాలారట. అదే నిజమైతే కొరింథు ఆయన్ని ముందే ఎంచుకుంది. అక్కడికి వెళ్లి ఆయన విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు, యేసే క్రీస్తు అని లేఖనాల నుంచి చూపిస్తూ యూదులతో బహిరంగంగా గట్టిగా వాదించాడు. ఎఫెసులో ఉన్న లోటు ఇక లేదు. ఇప్పుడాయన పూర్తి సన్నద్ధుడు.

గొడవ మొదలైంది ఆ తర్వాతే. ఒకటి రెండేళ్లలో పౌలు ఎఫెసు నుంచి కొరింథుకు పత్రిక రాయాల్సి వచ్చింది. క్లోయె ఇంటివాళ్లు తెచ్చిన కబురు: సంఘంలో ఒకడు నేను పౌలువాడినంటాడు, ఒకడు అపొల్లోవాడినంటాడు, ఒకడు కేఫా (అంటే పేతురు) వాడిని, ఇంకొకడు క్రీస్తువాడిని. జూలియస్ సీజర్ క్రీ.పూ. 44లో మళ్లీ కట్టించిన ఆ రేవు పట్టణంలో కొత్త డబ్బు, కొత్త హోదా కోసం పోటీ ఎక్కువ. పక్కనే ఇస్త్మియా క్రీడలు జరిగేవి, వాటి దగ్గర ఉపన్యాసకులు చుట్టూ శిష్యుల్ని పోగేసుకుని ఒకరినొకరు తిట్టుకునేవారని గ్రీకు వక్త డియో క్రిసోస్టమ్ వర్ణించాడు. వక్తలకు అభిమానులు ఉండేవారు, ఆ అభిమానులు కొట్టుకునేవారు కూడా. మన దగ్గర హీరోల ఫ్యాన్స్‌ను చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇలాంటి ఊరికి పౌలు, అపొల్లో ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. పౌలు పత్రికలు ఘనమైనవేగానీ మనిషి ఎదుట నిలబడితే బలహీనుడు, మాట కొరగానిది అని కొరింథులో అన్నారని ఆయనే రాసుకున్నాడు. అపొల్లోది అచ్చంగా దానికి విరుద్ధం. పోలిక తప్పనిసరైంది. పత్రిక మొదటి అధ్యాయాల్లో వాక్చాతుర్యంతోనో జ్ఞానాతిశయంతోనో తాను రాలేదని పౌలు పదేపదే చెప్పడం ఈ నేపథ్యంలో చదవాలి. ఆయన బాప్తిస్మం గురించి చెప్పే మాట ఇంకా ఆసక్తికరం. క్రిస్పు, గాయియు, స్తెఫను ఇంటివాళ్లకు తప్ప మీలో ఎవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదు, అందుకు దేవునికి వందనాలు అంటాడు. ఎవరు బాప్తిస్మం ఇచ్చారన్నదే వర్గానికి ఆధారమైపోయిందన్నమాట. ఎఫెసులో అపొల్లోకి కొరవడింది బాప్తిస్మం గురించిన తెలివిడి. కొరింథులో బాప్తిస్మం తెలిసినవాళ్లే దాన్ని జెండాగా మార్చుకున్నారు.

అలెక్సంద్రియ జ్ఞానమే ఈ చీలికకు కారణమని కొందరు పండితులు అంటారు. పౌలు 15వ అధ్యాయంలో మొదటి ఆదామును, కడపటి ఆదామును పోల్చే తీరు, ఫిలో రాసిన పరలోక మానవుడు, మట్టి మానవుడు అన్న ఆలోచనకు జవాబులా ఉందని, ఆ ఆలోచన కొరింథుకు చేర్చింది అపొల్లోయేనని వాళ్ల ఊహ. వినడానికి ఆకర్షణగా ఉంది. కానీ పౌలు ఒక్కసారి కూడా అపొల్లో బోధను తప్పుపట్టడు. తాను నాటితే అపొల్లో నీళ్లు పోశాడని, ఇద్దరూ పనివాళ్లేనని, పెంచింది దేవుడని అంటాడు. ఆ ఉదాహరణ తమ ఇద్దరి మీద పెట్టి చెప్పింది కొరింథు వాళ్లు ఒకరిని ఎత్తి ఇంకొకరిని దించకుండా ఉండాలని అంటాడు. ఆయన కోపం జనం మీద. రెండో పత్రికలో మాత్రం, కొందరిలాగా మాకూ మీ దగ్గరికి సిఫారసు పత్రికలు కావాలా అని ఒక చురక వేస్తాడు. అప్పటికి అక్కడికి వేరే బోధకులు వచ్చారు కాబట్టి అది అపొల్లోని ఉద్దేశించిందని గట్టిగా అనలేం. అయినా ఎఫెసు నుంచి ఉత్తరం పట్టుకొచ్చిన మనిషి ఆ పట్టణంలో అందరికీ గుర్తుంటాడు.

మొదటి పత్రిక చివర 16:12 దగ్గర ఒక చిన్న వాక్యం ఉంది. సహోదరుడైన అపొల్లో సంగతి అంటూ పౌలు మొదలుపెట్టే తీరు చూస్తే, కొరింథు వాళ్లు తమ ఉత్తరంలో ఆయన్ని మళ్లీ పంపమని అడిగినట్టుంది. వెళ్లమని తాను ఎంతో బతిమాలానని, ఇప్పుడు రావడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదని, వీలైనప్పుడు వస్తాడని పౌలు రాస్తాడు. పౌలు పోటీదారుగా ఆయన్ని చూసి ఉంటే అంతగా బతిమాలడు. అపొల్లో ఎందుకు రానన్నాడో పౌలు చెప్పడు. తన పేరు మీద చీలిక వచ్చిన ఊళ్లో అడుగుపెడితే అది ఇంకా ముదురుతుందని ఆయన అనుకుని ఉండొచ్చు. ఇది ఊహే అయినా, అప్పటి పరిస్థితికి ఇంతకంటే సరిపడే కారణం కనిపించదు. ఎఫెసులో డేరాల జంట మాట విన్న మనిషి, కొరింథులో తన అభిమానుల పిలుపును పక్కన పెట్టాడు. మొదటిదాని మీద ఎన్నో ప్రసంగాలు వినిపిస్తాయి, రెండోదాని గురించి ఎప్పుడో గానీ వినపడదు.

సుమారు 96లో రోము సంఘం తరఫున క్లెమెంటు అదే కొరింథుకు రాసిన ఉత్తరంలో ఆ పాత వర్గాల సంగతి మళ్లీ వస్తుంది. అప్పుడు మీరు పక్షం వహించింది పేరున్న ఇద్దరు అపొస్తలుల వైపు, వాళ్లు పరీక్షించి ఒప్పుకున్న ఒక మనిషి వైపు, కాబట్టి ఆ తప్పు చిన్నది. ఇప్పుడు ఎవరి వెనక తిరుగుతున్నారో చూసుకోండి అన్న ధోరణిలో మందలిస్తాడు. అపొల్లోని అపొస్తలుల్లో లెక్కపెట్టలేదు, వేరుగా నిలబెట్టాడు. 40 ఏళ్ల తర్వాత కూడా కొరింథులో వర్గాలు పోలేదు.

ఆయన రాసిన ఒక్క అక్షరం కూడా ఆయన పేరుతో మిగల్లేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఎవరిదో తెలియదు, దేవునికే తెలుసని 3వ శతాబ్దంలోనే ఓరిగెను చేతులెత్తేశాడు. అందులోని గొప్ప గ్రీకు, లేఖనాల మీద పట్టు, అలెక్సంద్రియ వాసన చూసి 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ అపొల్లో పేరు చెప్పాడు. ఇప్పటికీ ఆ ఊహకు మద్దతుదారులున్నారు. 1900లో అడాల్ఫ్ హార్నాక్ అదే పత్రికకు ప్రిస్కిల్ల పేరు ప్రతిపాదించాడు. శిష్యుడా, గురువమ్మా అన్న దగ్గరికి వచ్చింది కథ. ఆ పత్రిక 6వ అధ్యాయంలో మూల పాఠాలు దాటి ముందుకు సాగుదామంటూ చెప్పిన పట్టికలో, మారుమనస్సు పక్కనే బాప్తిస్మాలను గురించిన బోధ అని బహువచనంలో ఉంటుంది. అపొల్లో పక్షం వాదించేవాళ్లకు ఇది ఇష్టమైన వచనం. ఒకటికంటే ఎక్కువ బాప్తిస్మాల తేడా ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుందని అడుగుతారు. సరదాగా ఉందిగానీ సాక్ష్యంగా నిలవదు, ఎందుకంటే అక్కడ యూదుల శుద్ధి ఆచారాలను కూడా కలిపి చెప్పి ఉండొచ్చు. కొత్త నిబంధనలో ఆయన పేరు ఇంకొక్కచోటే మిగిలింది. తీతు పత్రిక చివర్లో, ధర్మశాస్త్రవేత్త జేనాను, అపొల్లోని దారిఖర్చులకు ఏ లోటూ లేకుండా చూసి శ్రద్ధగా సాగనంపమని ఉంటుంది.